పిచ్చమ్మ పలక, గోవర్ధన్ పెట్టె

గిద్దలూరు బజారులో ఒక కరెంటు సామాన్ల దుకాణంలో పిచ్చమ్మ తగాదా పెట్టుకుని గెలవడం నేను కళ్ళారా చూశాను. రెండేళ్ళ కిందటి మాట. నా మనవరాలు పావనికి నంద్యాలలో ఉద్యోగం వచ్చింది. గది తీసుకుంది, ఇస్త్రీపెట్టె కావాలంది. పెట్టె ఎంచడంలో పిచ్చమ్మను మించిన మనిషి మా చుట్టుపక్కల లేదు కాబట్టి, ఆమెను వెంటబెట్టుకుని మార్కాపురంలో బస్సెక్కాను. పావని నంద్యాలలో రైలెక్కి గిద్దలూరులో దిగింది. మార్కాపురంలో దుకాణాలు లేకనా? ఉన్నాయి. అక్కడ ఎందుకు కొనలేదో తర్వాత చెబుతాను.

దుకాణం అతని పేరు గోపి. ముప్పై ఏళ్ళుంటాయి, మాట మాత్రం యాభై ఏళ్ళవాడి మాట. పెద్ద పెట్టె ఒకటి తీసి బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

"ఇది తీసుకోండమ్మా. బరువు చూడండి. బరువుంటేనే మడత నిలబడతాది."

పిచ్చమ్మ దాన్ని ఎత్తి చూసి దించింది. "నాయనా, బొగ్గుల పెట్టె ఇరవై ఏండ్లు ఎత్తినదాన్ని. బరువు గురించి నాకు చెప్పబాక. పొద్దస్తమానం బండి మీద నిలబడి రుద్దేటోడికి బరువు కావాల. ఈ పిల్ల పొద్దున ఒక చుడీదారు రుద్దుకోని పరిగెత్తాల. దీన్ని ఎత్తి దించేలోపల దాని బస్సు పోతాది."

"తేలికది అయితే ముడత పోదమ్మా."

"ముడత పొయ్యేది బరువుకు గాదు, వేడికీ తడికీ. నీళ్ళు చిలకరించి కాసేపు చుట్టిపెట్టి రుద్దితే ఎంత తేలిక పెట్టెకైనా పోతాది. మీ ఇంట్లో చుట్టిపెట్టరు గదా? నీ చొక్కా చూస్తే తెలుస్తానే ఉండాది."

కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. గోపి కాలరు సర్దుకున్నాడు. ఈసారి ఆవిరి చిమ్మే స్టీమ్ పెట్టె దించాడు. అడుగున బొక్కలు, పైన నీళ్ళు పోసే మూత, చూడటానికి పెళ్ళికూతురిలాగా ఉంది.

"దీంట్లో ఏ నీళ్ళు పొయ్యాల?" అంది పిచ్చమ్మ.

"మామూలు నీళ్ళే."

"మామూలు నీళ్ళంటే ఏ ఊరియి? మన బోరు నీళ్ళు కాగబెట్టిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టేది నువ్వెప్పుడూ చూళ్ళేదా? ఆ పెచ్చు ఈ బొక్కల్లో కడతాది. నాలుగు నెలలకు ఆవిరి రాదు, తెల్ల చీర మీద మురికి కక్కుతాది. పావనీ, క్యాను నీళ్ళు పోసి, పనైనాక ఒంచేసి ఆరబెట్టే ఓపిక నీకుంటే కొనుక్కో. లేదంటే మామూలు పెట్టే మేలు."

పావని మామూలు పెట్టే అంది. గోపి ముఖం ముడుచుకుని ఇంకో పెట్టె తీశాడు. ఇది తేలికది, నాన్‌స్టిక్ పూత, మంచి రంగు. "ఇక దీనికి వంక పెట్టండి చూస్తా," అన్నాడు.

అప్పుడు పిచ్చమ్మ సంచిలోంచి పలక తీసింది. చుట్టూ చెక్క బద్దలు లేని నల్లరాతి పలక, రెండు జానల పొడుగు ఉంటుంది. సుద్దముక్క దాని మీద రుద్ది, అరచేత్తో పొడిని పల్చగా అంతటా పరిచింది. చల్లగా ఉన్న పెట్టెను దాని మీద పెట్టి, ఒక్కసారి నొక్కి, ఎత్తి తిప్పింది. సుద్ద నడిమధ్య మాత్రమే గుండ్రంగా అంటింది. ముక్కూ మడమా నల్లగా అట్లాగే ఉన్నాయి.

"దీనికి కడుపొచ్చింది, చూసుకో," అంది గోపితో. "నడుమ ఆనినచోట బట్ట కాలతాది. అంచుల కింద ముడత అట్లనే ఉంటాది. కొన్నామె తన చెయ్యి మంచిది గాదనుకోని ఏడుస్తాది."

"నీ పలకే వంకరేమో!"

"వంకరా? ఇంకో పెట్టె ఇయ్యి."

ఇంకోటి ఇచ్చాడు. పలక మీద మళ్ళీ పొడి పరిచి నొక్కింది. ముక్కు నుంచి మడమ దాకా ముగ్గు అద్దినట్టు నిండుగా అంటింది. పిచ్చమ్మ దాన్ని గోపి ముఖం ముందు పట్టుకుంది. "పలక వంకరైతే ఇదెట్ల నిండుగా అంటింది? చెప్పు నాయనా, వింటాం."

అంతకుముందు పెట్టె కట్టించుకున్న ఒకాయన పొట్లం విప్పి, "అమ్మా, నాది కూడా చూడు," అని ముందుకు తోశాడు. చివరికి గోపి తనే ఉన్న పెట్టెలన్నీ దించి వరసగా పెట్టాడు. మూడింటికి కడుపు తేలింది. వాటిని పక్కన పెట్టి, "పంపినోళ్ళకు తిప్పి పంపిస్తాలే," అన్నాడు. ఆ మాట అన్నందుకు వాడంటే నాకు గౌరవం కలిగింది.

పావనికి ఎంచిన పెట్టెను ప్లగ్గులో పెట్టించి, బొత్తాం పట్టు గుర్తు దగ్గరికి తిప్పి, చెవి వంచి విన్నది పిచ్చమ్మ. కాసేపటికి టక్‌మంది, ఎర్ర లైటు ఆరింది. ఇంకాసేపటికి మళ్ళీ వెలిగింది. "ఆరి వెలగాల. ఆరకుండా వెలిగేది పెట్టె గాదు, కొరివి," అంది. వైరు పెట్టెలోకి దూరేచోట మెడ తిరుగుతుందో లేదో తిప్పి చూసింది. తిరగకపోతే వైరు అక్కడే మెలికపడి తెగుతుందట. ప్లగ్గుకు మూడు కాళ్ళున్నాయో లేదో చూసింది. ముక్కు దగ్గర గుండీల కింద దూరే సందు వేలితో తడిమింది. అట్ట మీది అక్షరాలు నేను చదివాను, ఐఎస్ఐ గుర్తు నేను వెదికాను. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆమె అదీ చదవలేదు. అక్షరాలు చదవడం నా వంతు, పెట్టెను చదవడం ఆమె వంతు.

తిరుగు బస్సు కంభం దాటాక, "బాగా గెలిచావక్కా," అన్నాను.

"వీడి మీద గెలిస్తే ఏముంది చెల్లె? నేను గెలవాల్సినోడు వీడు గాదు," అని పలకను కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

గెలవాల్సినవాడు మా వీధి చివర కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకున్న గోవర్ధన్. చుట్టరికం లేదు, ఊరి వరసకు పిచ్చమ్మను అత్తా అంటాడు.

పిచ్చమ్మ పుట్టిల్లు హనుమంతునిపాడు దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. మార్కాపురం కోడలై వచ్చింది. మొగుడు సుబ్బన్న రాతి గనిలో పలకరాయి చీల్చేవాడు, ఈమె పలకల ఫ్యాక్టరీలో వాటిని నునుపు చేసేది. కళ్ళు మూసుకుని అరచెయ్యి రాసి ఏ మూల వెంట్రుకంత ఎత్తుందో చెప్పేది. మేస్త్రీకి అనుమానం వస్తే కొలబద్ద తెచ్చుకునేవాడు కాదు, పిచ్చమ్మను పిలిచేవాడు. రాతిపొడి సుబ్బన్న ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి పోయాడు. పిల్లలు రాతిపలక వదిలి ప్లాస్టిక్ పలక పట్టారు, ఫ్యాక్టరీ మూతపడింది. ఆఖరి వారం పిచ్చమ్మ తన కోసం ఒక పలక నునుపు చేసుకుని ఇంటికి తెచ్చుకుంది. నేను చెప్పిన పలక అదే.

ఆ తర్వాత బొగ్గుల పెట్టె కొని, మా వరసలోనే వసారాలో బల్ల వేసి, ఇస్త్రీ మొదలుపెట్టింది. పెట్టె అడుగున వేలితో నీటిచుక్క విదిలించేది. చుక్క ఎగిరి దూకితే నూలు బట్ట, సన్నగా బుస్సుమని ఆరితే పట్టు. అంతే ఆమె లెక్క. ఇరవై ఏళ్ళలో ఒక్క బట్ట కాలలేదు. పెళ్ళి పట్టుచీరలు దూరంగా ఉన్న వీధుల నుంచి కూడా వచ్చేవి. "పిచ్చమ్మ చెయ్యి" అనేవాళ్ళు, "పిచ్చమ్మ పెట్టె" అనేవాళ్ళు కాదు. ఆ ఒక్క మాటకే ఆమె మెడ కొంచెం పైకెత్తి నడిచేది. ఎత్తాలి కూడా.

తొమ్మిదేళ్ళ కిందట, బొగ్గుల పొగకు పక్కింటివాళ్ళు గొణుగుతున్నారని, కరెంటు పెట్టె కొందామని గోవర్ధన్ దుకాణానికి పోయింది. నేనూ ఉన్నాను. వాడు ప్లగ్గు పెట్టి చూపించాడు. ఈమె అలవాటుగా గ్లాసులో వేలు ముంచి చుక్క విదిలించబోయింది. దుకాణంలో నలుగురున్నారు. వాడు పగలబడి నవ్వాడు.

"అత్తా! కరెంటు పెట్టెతో నీళ్ళాటలా? షాకు కొట్టి మా మామ దగ్గరికే పోతావు. ఇది బొగ్గుల పెట్టె గాదు, తెలివైన పెట్టె. పట్టు బొమ్మ దగ్గరికి తిప్పి మర్చిపో. అదే చూసుకుంటాది."

నలుగురూ నవ్వారు. పిచ్చమ్మ వేలు కొంగుకు తుడుచుకుంది. బతుకంతటిలో ఒకరి మాట విని తన చేతిని పక్కన పెట్టింది ఆ ఒక్కసారే.

రెండు రోజులు నూలు చీరలు, చొక్కాలు. ఏమీ కాలేదు. నూలు ఎంత వేడినైనా ఓర్చుకుంటుంది. మూడో రోజు అరుణ టీచరమ్మ పట్టుచీర వచ్చింది. ఆవపువ్వు రంగు, ఆకుపచ్చ అంచు. తమ్ముడి నిశ్చితార్థానికి కట్టుకోవాలని ఆమె స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టి, "నీ చేతికే ఇస్తాన్నా పెద్దమ్మా," అని పోయింది. పిచ్చమ్మ బొత్తాం పట్టు బొమ్మ దగ్గరికి తిప్పింది. చుక్క వేయలేదు. ఎర్ర లైటు ఆరలేదు. ఆరాలని ఆమెకెవరు చెప్పారు? పెట్టె పైటచెంగు మీద ఆనించింది, ఎత్తేసరికి పెట్టె ఆకారంలో నల్లటి మచ్చ.

చీరనూ పెట్టెనూ రెండు చేతుల్లో పట్టుకుని గోవర్ధన్ దుకాణానికి నడిచింది. వెనకాలే నేను. ఎదురుగా టీకొట్టు, పది గంటల పూట, బెంచీలన్నీ నిండుగా ఉన్నాయి. వాడు మెట్ల మీదే ఎదురొచ్చాడు, లోపలికి రానివ్వలేదు.

"పెట్టె కాల్చింది అల్లుడా. ఆగలేదు ఇది," అంది ఆమె.

వాడు చీర అందుకుని, రోడ్డు మీది జనానికి కనిపించేలా మచ్చ విప్పి పట్టుకున్నాడు. "పెట్టె ఎందుకు కాలుస్తాది అత్తా? నీ చెయ్యి కాల్చింది. రాళ్ళు అరగదీసిన చెయ్యి గదా అది, మొద్దుబారి ఉంటాది. పట్టుచీర దానికేం తెలుస్తాది?"

టీకొట్టు గొల్లుమంది. తిట్టడానికి నేను నోరు తెరిచాను. పిచ్చమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఇంటికి తిరిగి నడిచింది.

మరుసటి రోజు నా కొడుకు మహేంద్ర ఆ పెట్టెను విప్పాడు. వాడు ఇళ్ళకు వైరింగు చేస్తాడు. "అమ్మా, లోపల కరెంటు ఆపే రెండు రేకులు అతుక్కోనిపోయినాయి. ఇది ఆగదు. ఎవురు రుద్దినా కాలతాది," అన్నాడు.

"అయితే పోయి ఆ మాట వాడి మెట్ల మీద నిలబడి చెప్పు," అన్నాను.

"నా సామానంతా ఆయన కాడే తెస్తన్నా. నన్ను మధ్యలో పెట్టబాక."

నా కొడుకే. ఏం చెయ్యను? ఆ పూట వాడికి అన్నం పెట్టాను గానీ కూర వడ్డించలేదు.

అరుణ టీచరమ్మ దగ్గరికి నేనే పోయి చెప్పాను, పెట్టె లోపల చెడిందని. ఆమె నవ్వి, "పోనీలే పెద్దమ్మా. పిచ్చమ్మ పెద్దామె, చూపు మందగించిందేమో. నేనేమీ అనుకోలేదు," అంది. తిట్టినా బాగుండేది. ఆ జాలి మాట పిచ్చమ్మకు నేను చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. మరుసటి వారం టీచరమ్మ ఇంటి నుంచి బట్టలు రాలేదు. ఆ పై వారం ఆ వీధి నుంచే రాలేదు. "చీర కాల్చిన పిచ్చమ్మ" అని పేరు పడింది. మూడు నెలలకు బల్ల మడిచి గోడకు ఆనించి, రెండు మేకలు కొనుక్కుంది.

బల్ల మడిచిన రోజే నాతో అంది: "చెల్లె, వాడు నా చేతిని రోడ్డు మీద అన్నాడు. పెట్టెదే తప్పని రోడ్డు మీదనే అనాల. అనేదాక వాడి కొట్లో ఇస్త్రీపెట్టె అమ్ముడుపోనియ్య."

మొదట మహేంద్రను కూర్చోబెట్టి పెట్టె లోపలి సంగతంతా చెప్పించుకుంది. వాడు తప్పు చేసినవాడిలా ఓపిగ్గా చెప్పాడు, చెప్పాలి మరి. పలకా సుద్దా ఉపాయం మాత్రం ఆమె సొంతం. చెడ్డ పెట్టెను వాడి చేతే మళ్ళీ బిగింపించి పాతగుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకుంది.

ఆపైన రోజూ పొద్దున మేకల్ని కట్టేసి, పలక ఒళ్ళో పెట్టుకుని టీకొట్టు బెంచీ మీద కూర్చునేది. గోవర్ధన్ దుకాణంలోంచి ఎవరైనా ఇస్త్రీపెట్టె అట్టతో బయటికొస్తే, "ఏదీ, ఒకసారి ఇటియ్యి తల్లీ," అనేది. రోడ్డు మీదే సుద్ద పరిచి నొక్కేది. టీకొట్టు ప్లగ్గులో పెట్టి టక్‌మంటుందో లేదో వినిపించేది. చెడ్డదైతే తీసుకున్న మనిషే వెనక్కి తిరిగి మెట్లెక్కేది. మంచిదైతే మంచిదనే చెప్పేది. అబద్ధం ఆడలేదు, ఆడాల్సిన అవసరమూ రాలేదు. తక్కువకు వస్తుందని ఎక్కడెక్కడి సరుకో తెచ్చి పెట్టుకునేవాడు వాడు.

ఒకరోజు గోవర్ధన్ మెట్లు దిగొచ్చాడు. "అత్తా, నీకేం పనిల్యా?"

"నువ్వే గదా అల్లుడా నా పని పీకేసింది. ఖాళీగా ఉన్నా."

టీకొట్టు ఆయనకు చెప్పి బెంచీ తీయించాడు. పిచ్చమ్మ ఇంటి నుంచి పీట తెచ్చుకుంది. పెట్టెల్ని అద్దాల అరలోంచి తీసి లోపల దాచాడు. ఈమె వచ్చేపోయేవాళ్ళతో, "మా అల్లుడు పెట్టెల్ని ఘోషాలో పెట్టినాడు, మొహం చూపించుకోలేక," అనేది. నేను పక్కన కూర్చుని అట్టల మీది అక్షరాలు చదివేదాన్ని. ఆ రోజుల్లో నాకు ఎంత సుఖంగా ఉండేదో! ఊళ్ళో ఎవరికి పెట్టె కావాలన్నా ఈమెను వెంటబెట్టుకుపోవడం అలవాటైంది. వాడి దుకాణానికి ఎట్లాగూ పోనివ్వదు, ఊళ్ళో మిగతా దుకాణాలవాళ్ళు వాడి దగ్గరే సరుకు ఎత్తుతారు. అందుకే గిద్దలూరు పోయాము. అర్థమైంది కదా?

పోయిన ఏడు ఎండాకాలం, మధ్యాహ్నం పూట, వెనక సందులోంచి ఒకామె వచ్చి పిచ్చమ్మ తలుపు కొట్టింది. నేను అక్కడే చింతపండు గింజ తీస్తున్నాను. చూస్తే గోవర్ధన్ భార్య స్వర్ణలత.

"పెద్దమ్మా, మా ఇంటికి మంచి ఇస్త్రీపెట్టె ఒకటి ఎంచి పెడతావా?" అంది, గుమ్మంలోనే నిలబడి.

నాకు నవ్వాగలేదు. "కొట్టంతా పెట్టెలు పెట్టుకోని ఇక్కడికొచ్చినావా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్లోంచే తెచ్చిన పెట్టెతో మొగుడి కొత్త చొక్కా రుద్దితే వీపు మీద మాడిపోయిందట. "పెట్టెకేం, నీ చేతికే బుద్ధి లేదు అన్నాడు పెద్దమ్మా. మా ఆడబిడ్డల ముందర."

పిచ్చమ్మ లేచి ఆమెకు మంచినీళ్ళిచ్చింది. "నీ చేతికేం కాలేదు బిడ్డా," అంది. "పెట్టె ఎంచిపెడతా. సందులోంచి గాదు. రేపు పది గంటలకు మీ కొట్లోకి వస్తా. నువ్వూ నా పక్కన ఉండాల."

స్వర్ణలత సరేనంది. ఆడబిడ్డల ముందు పడ్డ మాట చిన్నదేమీ కాదు కదా.

మరునాడు పది గంటలకు ముగ్గురం మెట్లెక్కాము. దుకాణంలో జనం ఉన్నారు. ఎనిమిదేళ్ళలో పిచ్చమ్మ ఆ గడప తొక్కడం అదే మొదలు.

"అల్లుడా, నీ పెళ్ళానికి మంచి పెట్టె కావాలంట. నీ కొట్లో దొరుకుతాదేమో చూడ్డానికొచ్చినా," అంది అందరికీ వినపడేట్టు.

వాడు భార్య వంక చూశాడు. ఆమె తల దించుకోలేదు. ఇంతమంది ముందు కాదంటే ఇంకా అల్లరి. పెట్టెలు దించక తప్పలేదు. పిచ్చమ్మ నేల మీద కూర్చుని, పలక ముందు పెట్టుకుని, ఒక్కోటి నొక్కి తిప్పి జనానికి చూపించింది. పద్నాలుగు పెట్టెలు. ఎనిమిదింటికి కడుపు. రెండింటికి మెడ తిరగదు. మూడు టక్‌మనలేదు, ఎర్రలైటు రాక్షసి కన్నులా వెలుగుతూనే ఉంది. పద్నాలుగోది నిలిచింది. దాన్ని స్వర్ణలత చేతిలో పెట్టి, "ఇది తీసుకో బిడ్డా. ఇంట్లో ఎవురన్నా నీ చేతిని అంటే ఈ పదమూడింటిని చూపించు," అంది.

నవ్వులు వినపడ్డాయి. ఈసారి నవ్వు మా వైపు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు.

జనం పోయాక గోవర్ధన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అత్తా, ఆ పొద్దు నీకిచ్చిన పెట్టె... ఆ సరుకే అట్ల వచ్చింది. నీ చెయ్యి తప్పు గాదు. ఆ నెలలోనే ఇంకా ఐదారు తిరిగొచ్చినాయి. కొత్త పెట్టె ఒకటి ఊరికే ఇస్తా, తీసుకపో. ఇంక వదిలెయ్యి."

పిచ్చమ్మ పలక మీద నుంచి తలెత్తింది. "ఆ నెలలోనే తెలిసిందా?"

వాడు తల గోక్కున్నాడు.

"ఎనిమిదేండ్లు తెలిసుండి గమ్మునున్నావా? రా, మెట్ల మీదికి రా. ఇదే మాట బయట చెప్పు, ఇప్పుడే వదిలేస్తా. కొత్త పెట్టె నాకొద్దు."

"వ్యాపారం అత్తా. అట్ల ఎట్ల చెప్పేది?"

అదీ వాడి జవాబు. పిచ్చమ్మ పలక తుడుచుకుని లేచింది. అంతకుముందు ఆమెలో ఉన్నది కోపం. తిరిగివచ్చేటప్పుడు ఆమె ముఖంలో చూసింది ఏమిటో నాకు పేరు తెలియదు. తెలియక చేశాడేమోనన్న చిన్న సందు ఒకటి అన్నాళ్ళూ మనసులో ఉంచింది కాబోలు. అది ఆ పూట మూసుకుపోయింది.

ఈ మధ్య ఆమె చేతులు వణుకుతున్నాయి. సుద్ద పొడి సమంగా పరచలేకపోతోంది. డాక్టరు మందిచ్చాడు గానీ వణుకు తగ్గలేదు. మోకాళ్ళు కూడా సహకరించక పీట వేసుకునేందుకు వీధి చివరి దాకా పోలేకపోతోంది. అది చూసి గోవర్ధన్ పెట్టెల్ని మళ్ళీ అద్దాల అరలోకి తెచ్చాడు. టీకొట్టు దగ్గర వాడు అన్న మాట కూడా నా చెవిన పడింది: "మా అత్త చెయ్యి వణకతా ఉందంట. చూసినారా, చేతిదే తప్పని నేను ఆ పొద్దే చెప్పినా గదా!"

ఆ మాట మాత్రం దాచకుండా అదే గంటలో పిచ్చమ్మకు చేరవేశాను. దాచేదాన్ని కాదు నేను.

పోయిన వారం గోవర్ధన్ మా ఇంటికొచ్చి బొట్టు పెట్టించి కార్డు ఇచ్చిపోయాడు. మూడంతస్తుల కొత్తిల్లు కట్టాడు, బుధవారం ఇంట్లో చేరుతున్నాడు. వైరింగంతా మహేంద్రే చేశాడు కాబట్టి మాకు పిలుపు. పిచ్చమ్మ గుమ్మం ముందు నుంచే నడిచిపోయాడు, ఆగలేదు.

కార్డు పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. చదివి వినిపించమంది. వినిపించాను. "చదివింపులు ఉంటాయా?" అని అడిగింది.

"లేకుండా ఉంటాయా? మైకు కూడా పెడతన్నారంట. ఇచ్చినోళ్ళ పేరూ ఇచ్చిన వస్తువూ వీధంతా వినపడేట్టు చదవాలంట వాడికి."

"అరుణ టీచరమ్మ వస్తాదా?"

"వస్తాది. వాళ్ళ పిల్లోళ్ళకు చదువు చెప్పింది గదా. ముందు వరసలోనే కూర్చోబెడతారు."

పిచ్చమ్మ అటక వైపు చూపించింది. స్టూలు ఎక్కి దించాను. పాతగుడ్డ విప్పితే పెట్టె, అడుగున పట్టు మాడిన నల్లటి పొర తొమ్మిదేళ్ళుగా అట్లాగే ఉంది. దాని పక్కన తన పలక పెట్టింది. బలపం నా చేతికిచ్చింది.

"రాయి చెల్లె. కాగితమైతే వాడు చించేస్తాడు."

ఆమె చెప్పింది, నేను రాశాను. నా అక్షరాలు పెద్దవి, పలకంతా నిండాయి. 'పలకల పిచ్చమ్మ, గోవర్ధన్ కొట్లో కొన్న ఇస్త్రీపెట్టె, చీర కాల్చింది ఇదే, ఎవురిదో వాళ్ళకే.'

రాసి బలపం కింద పెట్టాను. మహేంద్ర ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఆమె అది కనిపెట్టింది.

"నీ కొడుక్కు పని పోతాదని భయమైతే ఇప్పుడే చెప్పు. దేకతా దేకతా అయినా నేనే పోతా."

"నీ మోకాళ్ళతో నువ్వు పందిట్లోకి చేరేసరికి భోజనాలు కూడా అయిపోతాయిలే. ఏం చెయ్యాల్నో చెప్పు," అన్నాను.

వణికే రెండు చేతులతో పెట్టెనూ పలకనూ కలిపి నా ఒళ్ళోకి తోసింది.

"ముందు వాడి కాడికి పో. 'నువ్వు పిచ్చమ్మతో మెల్లిగా అన్న మాట మైకులో అంటావా' అని ఒక్కసారి అడుగు. అన్నాడనుకో, పలక నీ కొంగుతో తుడిచేసి, రెండూ నాకు తెచ్చియ్యి, వాడి ఇంట్లో కడుపునిండా తిని రా. అనకపోతే ఒక ముద్ద కూడా ముట్టబాక. నేరుగా రాసేటోళ్ళ బల్ల కాడికి పోయి పెట్టె పెట్టు. చదివేటోడు మింగేస్తే మైకు నువ్వే తీసుకో. నీ గొంతు సంగతి నాకు తెలుసు. టీచరమ్మ మొహం చూస్తా చదువు."